మొక్కజొన్న సాళ్ళు

రాజమండ్రి

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుపు ఆపుకుంటూ చెప్పిన మాటలు పెద్దమ్మను నిద్రపోనివ్వలేదు. మూడున్నరేళ్ళ బాబు స్టీలు గిన్నె మూతను నేలమీద బొంగరంలా తిప్పుతూ గంటసేపు కూర్చుంటున్నాడు. పిలిస్తే తిరిగి చూడడు. పాలు కావాలంటే నీ దగ్గరికొచ్చి "పాలు కావాలా?" అని నిన్నే అడుగుతాడు. డాక్టరు ఆటిజం అన్నారు. మీ అత్తగారేమో వస అరగదీసి నాకించమన్నారు, బాబు వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయన్నారు. ఆవిడది మనవడి మీద ప్రేమే, తప్పు పట్టకు. కానీ ఆ మాట నమ్మి ఇంకో ఏడాది ఆగవద్దు.

ఆ మూత తిప్పడం, ఆ తిరగేసిన ప్రశ్న కొత్త కాదు. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరుంది. 1933లో అక్కడ పుట్టిన డోనాల్డ్ ట్రిప్లెట్ అనే పిల్లాడు రెండో ఏటే గిన్నెలూ చెక్కదిమ్మలూ, గుండ్రంగా ఏది దొరికితే అది తిప్పేవాడు. స్నానం చేయాలనిపిస్తే "నీకు స్నానం కావాలా?" అని ఎదుటివాళ్ళను అడిగేవాడు. డాక్టర్ల మాట మీద మూడేళ్ళ పసివాణ్ణి ఇంటికి దూరంగా ఒక సంస్థలో చేర్చారు. కొన్నాళ్ళకు తల్లిదండ్రులు మనసు మార్చుకుని వెనక్కి తెచ్చేసుకున్నారు. లాయరైన తండ్రి, కొడుకు అలవాట్లన్నీ గమనించి, బాల్టిమోర్‌లోని డాక్టర్ లియో కానర్‌కు 33 పేజీల ఉత్తరం పంపాడు. 1943లో కానర్ 11 మంది పిల్లల మీద వ్యాసం రాశాడు. వైద్యలోకానికి ఆటిజాన్ని పరిచయం చేసిన ఆ వ్యాసంలో మొదటి పిల్లాడు డోనాల్డే.

కాబట్టి నువ్వూ ఒక నోటుపుస్తకం పెట్టు. ఏ శబ్దానికి చెవులు మూసుకున్నాడు, ఏ వేళ నవ్వాడు, ఏ కూర నోట పెట్టడు, ఏ చొక్కా వేస్తే గీరుకుంటాడు, ఇవన్నీ తేదీతో రాసుకో. కాసేపు చూసే డాక్టరుకు ఆ పుస్తకం ఎంతో చెబుతుంది.

డోనాల్డ్ కథలో పెద్దమ్మకు అన్నిటికన్నా నచ్చింది పొలం. 1942లో వాణ్ణి ఊరికి దగ్గర్లో ఒక రైతు దంపతుల ఇంట్లో ఉంచారు. అమ్మానాన్నలు తరచూ వెళ్ళి చూసొచ్చేవారు. పిల్లాడికి కొలతల ధ్యాస పట్టుకుంటే, రైతు బావి తవ్వించి లోతెంతో చెప్పమన్నాడు. చచ్చిన పిట్టల్నీ పురుగుల్నీ ఏరుకొస్తుంటే, వాటిని పాతిపెట్టుకోవడానికి కాస్త చోటిచ్చారు. మొక్కజొన్న సాళ్ళు పదేపదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. కానర్ చూడ్డానికి వెళ్ళిన రోజున డోనాల్డ్ ఆరు పొడుగాటి సాళ్ళు దున్ని, గుర్రాన్ని నేర్పుగా మలుపు తిప్పాడు. ఆ ఇంట్లో లెక్క మానమని ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు, ఆ లెక్కకే నాగలి కట్టారు.

బాబు చేతిలో మూత లాక్కోకు. వంటయ్యాక ఏ గిన్నెకు ఏ మూతో వెతికి పెట్టమను. "పాలు కావాలా?" అన్నప్పుడు "పాలు కావాలి" అని వాడి తరఫున నువ్వే అని, గ్లాసు చేతికివ్వు. రోజుకు పదిసార్లు. మాట రాకపోతే థెరపీలో బొమ్మల కార్డు చూపించి అడగడం నేర్పుతారు. దానివల్ల మాటలు ఆగిపోవు.

డోనాల్డ్ 1958లో డిగ్రీ పూర్తిచేశాడు. ఊళ్ళోని బ్యాంకులో దశాబ్దాలపాటు ఉద్యోగం చేశాడు, 27వ ఏట కారు నడపడం నేర్చుకున్నాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు. 2023 జూన్‌లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆటిజం ఆఖరిదాకా అతనితోనే ఉంది. ఊరు కూడా ఉంది. ఆ బ్యాంకు వాళ్ళ కుటుంబానిదే, ఆ కలిమి అందరికీ ఉండదు. అందరు పిల్లలూ అంత దూరం వెళ్తారని చెబితే అబద్ధమవుతుంది. కానీ మూడేళ్ళప్పుడు డోనాల్డ్‌ను మరిచిపొమ్మన్నట్టు మాట్లాడిన డాక్టర్లది మాత్రం తప్పే.

కడుపుతో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నందుకేనా అని అడిగావు. కాదమ్మా. ఇందులో జన్యువుల పాత్ర చాలా ఎక్కువ. తల్లి ప్రేమ చూపకపోతేనే ఇలా అవుతుందని ఒకప్పుడు డాక్టర్లే తల్లుల్ని ఏడిపించారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తనూ అలాంటి పిల్లాడి తండ్రే, ఆ వాదాన్ని పుస్తకం రాసి ఖండించాడు. ఆటిజాన్ని టీకాలకు ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. బాబుకు మిగిలిన టీకాలు వేయించు.

ఎవరో థెరపిస్టు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారట. వినకు. రెండు భాషలు వింటే ఆటిజం ఉన్న పిల్లలు వెనకబడతారనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. తాతయ్యా, ఎదురింటి పిల్లలూ, పాలబ్బాయీ మాట్లాడేది తెలుగే. వాళ్ళందరి మాటలకూ వాణ్ణి దూరం చేసి ఏం నేర్పుతాం?

మీరుండేది హైదరాబాదే కనుక సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ నడుస్తున్న, ఇలాంటి పిల్లలను చూసే జాతీయ సంస్థకు వెళ్ళండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత చదువు హక్కు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది. నయం చేస్తామని స్టెమ్ సెల్ ఇంజెక్షన్లకు లక్షలు అడిగేవాళ్ళ గడప తొక్కవద్దు, ఆ డబ్బు స్పీచ్ థెరపీకి దాచు. అల్లుణ్ణి వారానికి రెండు సెషన్లకైనా తనే తీసుకెళ్ళమను. ఆ పూట నువ్వు పడుకో.

వచ్చే నెల తమ్ముడి పెళ్ళికి, సన్నాయి మోతకు వాడు బెంబేలెత్తుతాడని రానన్నావు. మేళానికి దూరంగా మేడమీద గది ఖాళీ చేయించి ఉంచుతున్నారు మీ పెదనాన్న. ముగ్గురూ రండి.

ఇట్లు,
పెద్దమ్మ