ముందద్దం మార్చాలా? బాగుచేయించాలా?

కారుకు ముందు పెద్ద అద్దం ఉంటుంది. గాలి, వాన, దుమ్ము లోపలికి రాకుండా కాపాడుతుంది. ఇది మన ఇంటి కిటికీ అద్దం లాంటిది కాదు. ఇందులో రెండు గాజు పలకలు ఉంటాయి. వాటి మధ్య పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. రాయి తగిలితే గాజు పగులుతుంది. కాని ముక్కలు ముఖం మీదకు ఎగరవు. పొర వాటిని పట్టి ఉంచుతుంది. ఇలాంటి అద్దానికి ఫ్రాన్సు దేశంలో బెనెడిక్టస్ అనే ఆయన 1909లో పేటెంటు పొందాడు.

ఒక కుటుంబం కారును బాడుగకు తిప్పుతోంది. ఆ బాడుగ డబ్బుతోనే ఇల్లు గడవాలి. ఒకరోజు కంకర లారీ నుంచి రాయి ఎగిరి కారు అద్దానికి తగిలింది. అద్దం మధ్యలో చిన్న గుంట పడింది. అది రూపాయి బిళ్ల కంటే చిన్నది.

“చూపించరాదూ, పెరుగుతుందేమో” అంది భార్య.

“ఇంత దానికి ఏమవుతుందిలే” అన్నాడు భర్త.

వారం గడిచింది. ఎండకు, గతుకులకు గుంట నుంచి చీలిక పాకింది. మూరెడు అయింది. డ్రైవరు కళ్ల ముందు నుంచి అంచు దాకా పోయింది.

మెకానిక్ చూసి, “గుంటగా ఉన్నప్పుడే తెస్తే జిగురు మందు నింపి సరిచేసేవాణ్ణి. ఇప్పుడు మార్చాల్సిందే” అన్నాడు.

“రేపు పెళ్లివాళ్ల బాడుగ ఉంది. అది అయ్యాక మారుద్దాం” అన్నాడు భర్త.

“రాత్రిపూట ఎదురు లైటు పడితే చీలిక మెరుస్తుంది. దారి కనపడదు. బండిలో ఉండేది మనుషులయ్యా! ఆ బాడుగ వేరే బండికి చెప్పు” అంది భార్య.

ఆమె పెట్టెలోంచి బీమా కాగితం తీసింది. వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. సొంత బండికి జరిగిన నష్టానికి కూడా డబ్బు ఇస్తారని అందులో ఉంది. క్లెయిము చేస్తే వచ్చే ఏడాది బీమాలో తగ్గింపు పోతుందని కూడా ఉంది. ఇద్దరూ లెక్క కట్టారు. క్లెయిము చేయడమే మేలని తేలింది. అద్దం విప్పకముందే బీమా కంపెనీకి చెప్పారు.

గుర్తుంచుకోండి

1. చిన్న గుంట అయితే వెంటనే బాగుచేయించాలి. కారుతో వచ్చిన అద్దం అలాగే ఉంటుంది. ఖర్చూ తక్కువ.
2. పొడవు చీలిక, అంచు దాకా పోయిన చీలిక, డ్రైవరు కళ్ల ముందున్న పగులు ఉంటే అద్దం మార్చాలి.
3. కొత్త అద్దం మూలన ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడాలి.
4. అద్దాన్ని అంటించిన జిగురు గట్టిపడాలి. మెకానిక్ చెప్పినన్ని గంటలు బండి కదపకూడదు.
5. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే అద్దానికి డబ్బు రాదు.

చర్చించండి

1. గుంట పడిన రోజే అద్దం చూపించి ఉంటే ఏమి మిగిలేది?
2. పెళ్లి బాడుగ వదులుకోవడం నష్టమా, లాభమా?
3. మీ ఇంట్లో ఉన్న బీమా కాగితం తీసి చదవండి. దేనికి డబ్బు ఇస్తారో చెప్పండి.