భూమి ఎత్తులు దాచుకొన్న ఫైలు: దానిని తెరచి చదువు విధము

పటము అనగానే మనకు పొడవు, వెడల్పు మాత్రమే తోచును. గోసాని నువాగాం వీథులు, బరంపురపు బజారు, గోపాలపురమునకు పోవు దారి, ఇవన్నియు కాగితముపై బల్లపరుపుగనే యుండును. నేల ఎచ్చట మిట్ట, ఎచ్చట పల్లము అను మూడవ కొలత కంప్యూటరులో సంఖ్యల రూపమున నిలువ యుండును. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటిన సంగతి మన పెద్దలు మరువలేదు. అట్టి వేళ నీరు ఏ వైపునకు మళ్లును, ఏ పల్లము ముందుగా మునుగును అని లెక్కకట్టుటకు ఈ మూడవ కొలతయే ఆధారము. ఆ సంఖ్యలు గల ఫైలు చేతనుండియు తెరువరాకున్నచో అది లేనట్లే. కావున అట్టి ఫైలు లోపల ఎట్లుండునో ఈ వ్యాసమున చూపదలచితిమి.

ముందుగా తాళము లేని ఫైలును చూతము. 2000 ఫిబ్రవరిలో అమెరికా వారి ఎండెవర్ వ్యోమనౌక 11 దినములు భూమిని చుట్టి, ఉత్తరమున 60, దక్షిణమున 56 డిగ్రీల అక్షాంశముల నడుమ గల నేల ఎత్తులను రాడారుతో కొలిచినది. ఆ ఫలితములు డిగ్రీకొక గడి చొప్పున విభజింపబడి ఎల్లరకును ఉచితముగా లభించుచున్నవి. గడి యొక్క నైరుతి మూలయే దాని పేరు. బరంపురము సుమారు 19 డిగ్రీల 19 నిమిషముల ఉత్తర అక్షాంశమున, 84 డిగ్రీల 47 నిమిషముల తూర్పు రేఖాంశమున నున్నది. కావున మన గడి పేరు ‘ఎన్19ఇ084’. పేరు చివర ‘హెచ్.జి.టి.’ అను గుర్తు ఉండును.

ఈ ఫైలునకు పీఠిక లేదు, అలంకారము లేదు. 1201 వరుసలు, వరుసకు 1201 ఎత్తులు. ఒక ఎత్తునకును దాని ప్రక్క ఎత్తునకును నడుమ 3 సెకండ్ల కోణము, అనగా సుమారు 90 మీటర్ల దూరము. ఒక్కొక్క ఎత్తునకు రెండు బైట్లు. బైటు అనగా 0 మొదలు 255 వరకు గల ఒక సంఖ్య. మొత్తము 28,84,802 బైట్లు. మొదటి వరుస ఉత్తరపు అంచు, మొదటి ఎత్తు పడమటి అంచు.

ఇక బరంపురమును వెదకుదము. ఉత్తరపు అంచు 20 డిగ్రీలు. అచ్చటి నుండి మన ఊరికి 41 నిమిషములు, అనగా 2460 సెకండ్లు. దానిని 3చే భాగింపగా 820 వరుసలు దాటవలెను. పడమటి అంచు నుండి 47 నిమిషములు, అనగా 940 ఎత్తులు దాటవలెను. 820ని 1201తో హెచ్చించి 940 కలుపగా 9,85,760. దానిని రెండింతలు చేయగా 19,71,520. ఇన్ని బైట్లు విడిచి, తరువాతి రెండింటిని చదువుడు. మొదటి దానిని 256తో హెచ్చించి రెండవది కలిపినచో ఎత్తు మీటర్లలో వచ్చును. అవి 0, 26 అయినచో 26 మీటర్లు. 1501 మీటర్ల మహేంద్రగిరి శిఖరము వంటి ఎత్తు 5, 221 అని యుండును. కాని ఆ కొండ మన గడిలో లేదు, దక్షిణపు ‘ఎన్18ఇ084’ గడిలో నున్నది. 128, 0 అని కనబడినచో అది ఎత్తు కాదు, రాడారుకు కొలత దొరకని చోటని గుర్తు. ఈ రాడారు చెట్ల తలలను, ఇండ్ల కప్పులను గూడ నేలలో చేర్చి కొలిచినదని మరువరాదు.

90 మీటర్ల కొలత వీథి కాలువకు చాలదు. అందులకు విమానము నుండి లేజరు కిరణములు పంపి, అవి తిరిగివచ్చు కాలమును బట్టి దూరము లెక్కించు లైడార్ పద్ధతి వచ్చినది. ఇందులో గళ్లు లేవు, లక్షల కొలది బిందువులే యుండును. వీనిని దాచుటకు అమెరికాలోని ఫోటోగ్రామెట్రీ, రిమోట్ సెన్సింగ్ సంఘము 2003లో ‘లాస్’ అను అమరికను ప్రకటించినది. దీనికి పీఠిక కలదు. మొదటి నాలుగు బైట్లు 76, 65, 83, 70. ఇవి ఆ అమరిక గుర్తైన నాలుగు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలు. ప్రతి బిందువు పూర్ణసంఖ్యలుగా నుండి, పీఠికలోని గుణకముతో హెచ్చింపబడును. 2615ను 0.01తో హెచ్చింపగా 26.15 మీటర్లు. మిగుల సరళమైన రకములో బిందువునకు 20 బైట్లు. కోటి బిందువులకు 20 కోట్ల బైట్లు!

ఇంత భారమును కుదించుట అవసరమైనది. మార్టిన్ ఐసెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు ‘లాజ్’ అను కుదింపు పద్ధతిని నిర్మించి, దాని మూలలిపిని అందరికిని తెరచి యుంచెను. 2014లో ఎస్రి సంస్థ ‘జెడ్‌లాస్’ అను వేరొక కుదింపును తెచ్చినది. తిరిగి లాస్‌గా మార్చు సాధనమును ఆ సంస్థ ఉచితముగనే ఇచ్చినది గాని, లోపలి అమరికను వెల్లడింపలేదు. ప్రజాధనముతో కొలిచిన నేల ఎత్తులు ఒక్క సంస్థ గుప్పిటలోని తాళమునకు లోబడరాదని పలువురు శాస్త్రజ్ఞులు అభ్యంతరము తెలిపిరి. మా అభిప్రాయమును అదియే. సాధనము నేడు ఉచితమైనను, రేపటి యంత్రముపై అది నడుచునన్న పూచీ ఎవరిది?

తెలుగువారికి ఈ బాధ క్రొత్త కాదు. యూనికోడు వ్యాపింపక మునుపు తెలుగును ఒక్కొక్కరు ఒక్కొక్క ఫాంటుతో కూర్చెడివారు. ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో తెలుగునకు బదులు గజిబిజి గుర్తులు కనబడెడివి. ఫైలు చెడలేదు; ఏ సంఖ్య ఏ అక్షరమో తెలుపు పట్టిక మాత్రము లేదు.

పేరు తెలియని ఫైలు దొరకినపుడు దాని ప్రతిని తీసికొని, బైట్లను చూపు సాధనముతో మొదటి భాగమును పరికింపవలెను. పైన చెప్పిన నాలుగు సంఖ్యలు కనబడినచో అది లాస్ లేక లాజ్. 80, 75 అని యున్నచో బహుశః జిప్ మూట, విప్పినచో లోపల తెలిసిన ఫైళ్లే దొరకవచ్చును. క్యూజిస్, క్లౌడ్‌కంపేర్ అను ఉచిత సాధనములతో తెరచి చూడవచ్చును. అప్పటికిని లొంగనిచో, ఇచ్చినవారినే లాస్ రూపమున మరల ఇమ్మని కోరుట ఉత్తమము. తెలియని అమరికను ఊహించి విప్పుట నెలల పని. మార్పిడి జరిగిన పిదప బిందువుల సంఖ్య రెండింటను సరిపోయినదో లేదో చూచి, గోపాలపురపు ఇసుకతీరము వంటి ఎత్తు తెలిసిన చోటునొకదానిని పోల్చుకొనవలెను.