నాయనమ్మ కంచంలో ఏముంది?



సాయంత్రం నాలుగుంబావుకి మన పొన్నూరు క్యాంపస్ గేటు దగ్గర నిలబడి చూస్తే, పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లలో చాలామంది తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలే. మీరు గుంటూరులోనో తెనాలిలోనో ఉద్యోగంలో ఉంటారు, లేదా పొలం పనిలో ఉంటారు. కొంతమంది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పిల్లల్ని ఇక్కడ పెద్దవాళ్ల దగ్గర ఉంచి చదివిస్తున్నారు. జూన్‌లో స్కూలు బ్యాగు తన భుజాన వేసుకుని మనవడితో సమానంగా నడిచిన ఒక తాతయ్య, డిసెంబరు వచ్చేసరికి నాలుగడుగులు వెనకబడ్డారు. గేటు డ్యూటీలో ఉన్నప్పుడు రోజూ చూస్తున్నాను. మనవడు ఆగుతాడు, వెనక్కి తిరిగి చూస్తాడు, మళ్లీ నడుస్తాడు.

ఆ నాలుగడుగుల గురించే ఈ నెల పాఠం.

మొన్న ఎనిమిదో తరగతిలో పోషకాహారం గురించి చెబుతూ, "మీ ఇంట్లో అందరికంటే తక్కువ తినేది ఎవరు?" అని అడిగాను. చెల్లి, తమ్ముడు అంటారనుకున్నాను. ఎక్కువమంది "నాయనమ్మ" అన్నారు. ఒకమ్మాయి లేచి, "మా నాయనమ్మ రాత్రిపూట అన్నం మానేసింది సార్, డైటింగ్ చేస్తోంది" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చున్నాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు.

మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది: వయసు పైబడ్డాక తక్కువ తినాలి. రాత్రికి ఒక ఇడ్లీయో, గ్లాసుడు పాలో చాలు. పెద్దావిడ శనివారాలు, ఏకాదశులు ఉపవాసం ఉంటే "ఎంత నియమమో" అని మెచ్చుకుంటాం. తిండి తగ్గితే నియమం, నడక తగ్గితే వయసు, మాట మర్చిపోతే చాదస్తం. మూడింటికీ మన దగ్గర మూడు పేర్లు సిద్ధంగా ఉన్నాయి. ఈ మూడూ ఒకే తీగకు కాసిన కాయలు కావచ్చని వృద్ధుల వైద్యం చూసే డాక్టర్లు చెబుతున్నారు.

ఈ సన్నగిల్లిపోవడాన్ని వాళ్లు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే డాక్టరు, ఆమె బృందం దీన్ని గుర్తుపట్టడానికి అయిదు లక్షణాలు చెప్పారు. కావాలని తగ్గకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోల పైన బరువు తగ్గడం, ఏ పని చేసినా అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గిపోవడం. ఇందులో మూడు ఉంటే ఫ్రెయిల్టీ ఉన్నట్టే. ఒకటి రెండు ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. అలాంటి మనిషికి చిన్న జ్వరం వచ్చినా, బాత్‌రూములో కాలు జారినా, మునుపటిలా కోలుకోవడం కష్టం.

ఇది వయసుతో తప్పనిసరిగా వచ్చేదేమీ కాదు. పక్కనే నిడుబ్రోలులో 1900లో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా గారు తొంభై ఏళ్ల వయసులో కూడా గుంటూరు ఎంపీగా లోక్‌సభలో ఉన్నారు. మన ఊళ్లలో డెబ్బై దాటినా సైకిలు మీద పొలం వెళ్లొచ్చేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు.

ఇంట్లోనే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. గోడకు ఆనించిన కుర్చీలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని అయిదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే నిలబడండి. పన్నెండు సెకన్లు దాటితే కండరాల శక్తి తగ్గి ఉండొచ్చని ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న కొలత. మోకాళ్ల నొప్పులు బాగా ఉన్నవాళ్లతో, తూలేవాళ్లతో ఇది చేయించొద్దు.

ఇప్పుడు కంచం దగ్గరకు వద్దాం. యాభై కిలోల బరువున్న ఒక నాయనమ్మ రోజును లెక్కేద్దాం. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త అన్నంలో గోంగూర పచ్చడి, పల్చటి పప్పుచారు, చివర మజ్జిగ. రెండుసార్లు టీ. రాత్రికి ఒక ఇడ్లీ. అంతా కలిపితే ప్రొటీన్ సుమారు ఇరవై గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. అంటే ఈవిడకు నలభై గ్రాముల పైనే. అరవై అయిదు దాటినవాళ్లకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా ఉంటే మంచిదని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి చెప్పింది. ఎలా చూసినా మన నాయనమ్మ కంచంలో ఉన్నది సగమే. పగలు అన్నం తిన్నారు కాబట్టి ఆకలి తెలియదు. కండ మాత్రం కరుగుతూ ఉంటుంది.

మరి ఆ మిగతా సగం ఎక్కడిది? మన చుట్టూ ఉన్నదే. వరి కోశాక మినుము, పెసర పండే నేల మనది. పెసరట్టు, గట్టిపప్పు, గుడ్డు, గ్లాసుడు పాలు, గడ్డపెరుగు. గుడ్డులోనూ గ్లాసు పాలలోనూ ఆరేసి గ్రాములు, ఒక చిన్న కప్పు గట్టిపప్పులో ఏడు గ్రాముల దాకా ఉంటుంది. నీసు తినేవాళ్లయితే చేప మేలు, మెత్తగా ఉంటుంది కాబట్టి పళ్లు లేకపోయినా తినగలరు. షుగరు లేనివాళ్లకు సున్నుండ కూడా మంచిదే. పండక్కి మనమే చేస్తాం, చేసి వాళ్లకు ఒక్కటే ఇస్తాం! కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ప్రొటీన్ పెంచేముందు డాక్టరును అడగాలి. తిండితోపాటు లేచి నడవడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటి పని కూడా ఉండాలి. వాడని కండ ఎంత తిన్నా నిలవదు.

చాలామంది తక్కువ తినేది ఇష్టం లేక కాదు. కట్టుడు పళ్లు వదులై గుచ్చుకుంటాయి, ఎవరికీ చెప్పరు. ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడం దండగనిపిస్తుంది. అందరూ తిన్నాక మిగిలింది తినడం అలవాటైపోయిన ఆడవాళ్లు అరవై ఏళ్ల అలవాటును ఇప్పుడు మార్చుకోరు, మనమే పక్కన కూర్చోబెట్టుకోవాలి. విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట: వీడియో కాల్‌లో ముఖం మాత్రమే కనిపిస్తుంది. నడక కనిపించదు, కంచం కనిపించదు. ఫోన్ మీ పిల్లల చేతికిచ్చి ఆ రెండూ చూపించమనండి.

ఇక మతిమరుపు. తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం ఎవరికైనా ఉండేదే. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పులుసులో ముందు ఏం వెయ్యాలో తోచకపోవడం, భావనారాయణస్వామి గుడి నుంచి ఇంటికి రోజూ వచ్చే దారి తప్పడం, పొద్దున అడిగిందే గంటలో నాలుగుసార్లు అడగడం, డబ్బు లెక్క తేలకపోవడం వేరు. ఇవి డిమెన్షియా గుర్తులు కావచ్చు. 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువ.

బరువుకూ మతిమరుపుకూ సంబంధం ఏమిటంటారా? హొనలులూలో జపాన్ మూలాలున్న మగవాళ్లను 32 ఏళ్లు గమనించిన అధ్యయనం 2005లో వచ్చింది. డిమెన్షియా బయటపడకముందు నుంచే వాళ్ల బరువు తగ్గడం మొదలైందని అందులో తేలింది. తినకపోవడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు మొదలై తిండి తగ్గిందా అంటే, రెండు వైపులా నడిచే బండి అది. మనకు పనికొచ్చే విషయం ఒక్కటే. కారణం లేకుండా పెద్దవాళ్ల జాకెట్లు, చొక్కాలు వదులవుతున్నాయంటే డాక్టరుకు చెప్పాలి.

అన్ని మతిమరుపులూ తిరిగిరానివి కావు. బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, మనసు బాగా కుంగిపోయినా అచ్చం డిమెన్షియాలాగే కనిపించొచ్చు. బి12 పాలు, గుడ్లు, చేప, మాంసంలోనే దొరుకుతుంది. వయసుతోపాటు ఒంటికి పట్టడం తగ్గుతుంది. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లలో, పొద్దున్నే గ్యాస్ బిళ్ల వేసుకునేవాళ్లలో ఇంకా తగ్గొచ్చు. మన పెద్దవాళ్ల మందుల డబ్బాలో ఈ రెండూ తరచూ కనిపించేవే. వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. బి12 పరీక్ష ఒకసారి చేయించమని డాక్టరును అడగండి.

ఇక్కడ మన తెలుగువాడి ముచ్చట ఒకటి చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. రక్తహీనతకు అది గొప్ప మందు. కానీ బి12 లోపం ఉన్న మనిషికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. షాపులో అడిగి బలం బిళ్లలు తెచ్చి వేసేముందు పరీక్ష ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. "మెమరీ టానిక్" అని అమ్మేవాటి సంగతి సరేసరి. ఆ డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు వస్తాయి.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్క రోజులో తికమకగా మాట్లాడుతుంటే అది చాదస్తం కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం వంటివి కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తిండితోనే అంతా ఆగిపోతుందని నేను చెప్పడం లేదు. ఫిన్లాండ్‌లో 1260 మంది మీద రెండేళ్లు చేసి 2015లో ప్రచురించిన ప్రయోగంలో ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, బీపీ వంటివి అదుపులో ఉంచడం అన్నీ కలిపి చేస్తే ఆలోచనాశక్తి నిలవడంలో కొంత మేలు కనిపించింది. మన హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఇంకో సంగతి చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఈ పత్రికను రెండు భాషల్లో చదువుతున్న తాతయ్యలు సంతోషించవచ్చు!

సంక్రాంతి సెలవుల్లో పిల్లలు మామిళ్లపల్లి, మునిపల్లె, బ్రాహ్మణకోడూరు, ఇంకా దూరం ఊళ్లకు వెళ్తారు. ఆరు నుంచి పదో తరగతి దాకా అందరికీ ఒక కాగితం ఇస్తున్నాం. ఇంట్లో పెద్దవాళ్లు మూడు రోజులు ఏం తిన్నారు, ఇప్పుడు బరువెంత, నిరుడు ఎంత ఉండేది, వేసుకునే మందుల పేర్లేమిటి, కుర్చీ పరీక్షకు ఎన్ని సెకన్లు పట్టింది, ఇవి రాయాలి. కుర్చీ పరీక్ష దగ్గర మీరు ఉండండి, పిల్లలకే వదిలేయకండి. అవసరమైతే గుంటూరు జీజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకు సలహా, సాయం కావాలంటే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు.

ఈ కాగితానికి మార్కులు లేవు. సెలవులయ్యాక పిల్లలు నాకు ఒకసారి చూపించి మళ్లీ ఇంటికే తెచ్చేస్తారు. ఈసారి పెద్దవాళ్లను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు దాన్ని మడిచి జేబులో పెట్టుకోండి.