వైరసు తొడుగే టీకా మందు

పచ్చకామెర్లు సోకినవారికి పసరు పోయించుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పసరు పుచ్చుకొన్న కొద్ది వారములకు కన్నుల పసుపుదనము విరిగిపోవును. పసరునకు పేరు వచ్చును. వాస్తవమునకు కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు చాలవరకు తమంతట తామే తగ్గునట్టివి. అయితే కామెర్లనునది కాలేయము దెబ్బతిన్నదని తెలుపు గురుతు మాత్రమే. ఆ దెబ్బ తీయువానిలో హెపటైటిస్-బి అను వైరసును గూర్చి పంచాయతీ సభ్యులకు ముఖ్యముగా చెప్పదలచితిమి. ఇది అనేకుల శరీరములలో ఏ గురుతును చూపక ఏండ్ల తరబడి దాగియుండి, తుదకు కాలేయము గట్టిపడుటకో, కాన్సరునకో దారితీయును.

దీని జాడ తెలిసిన విధము చిత్రమైనది. అమెరికా శాస్త్రజ్ఞుడు బరూక్ బ్లంబర్గ్ కామెర్ల మందును వెదకుచు బయలుదేరినవాడు కాడు. పలు దేశముల ప్రజల రక్తములోని మాంసకృత్తుల భేదములను ఆయన పోల్చి చూచుచుండెను. 1963లో ఆస్ట్రేలియా ఆదిమవాసి ఒకని రక్తములో ఒక క్రొత్త మాంసకృత్తు కానవచ్చెను. అది ఈ వైరసు యొక్క పై తొడుగని కొన్ని ఏండ్లకు తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఆ తొడుగుతో వైరసునకు పనియేమి? వైరసు తనంతట తాను వృద్ధి పొందజాలదు. ఒక జీవకణములోనికి చొరబడవలెను. తొడుగులోని మాంసకృత్తే దానికి తాళపుచెవి. కాలేయకణముపై పైత్యరస లవణములను లోనికి చేరవేయు మాంసకృత్తు ఒకటి కలదు. వైరసు దానినే తాళముగా వాడుకొనునని చైనాలో వెన్‌హుయి లీ బృందము 2012లో కనిపెట్టెను. లోన ప్రవేశించిన వైరసు తనవంటి వైరసులనే గాక, లోపల ఏమియులేని ఉత్త తొడుగులను కూడ లెక్కకు మిక్కిలిగా తయారుచేయించి రక్తములోనికి వదలును.

ఉత్త తొడుగు రోగము కలిగింపజాలదు. కాని దానిని చూచిన శరీరము శత్రువును ఆనవాలు పట్టుట నేర్చుకొనును. టీకాలోని మర్మమంతయు ఇదియే. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకాను రోగుల రక్తమునుండి తీసిరి. తరువాత తొడుగును తయారుచేయు జన్యువును, పిండిని పులియబెట్టు ఈస్టు కణములలో చేర్చి, వానిచేతనే తొడుగులను చేయించిరి. దిగుమతియైన ఆ టీకా మన సామాన్యులకు అందని ధర పలికెను. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించి, 1997లో దేశమున తయారైన టీకాను అగ్గువ ధరకు విడుదల చేయించెను. 2002లో కొన్ని ప్రాంతములలో ఆరంభమైన ఉచిత టీకా 2011లో దేశమంతటికి విస్తరించినది.

బిడ్డ పుట్టిన 24 గంటలలోపల మొదటి టీకా పడవలెను. పిమ్మట 6, 10, 14 వారములకు అయిదు వ్యాధుల టీకాలో కలిపి వేయుదురు. ఇంత తొందర యేల అని పలువురు అడుగుదురు. పెద్దవారికి ఈ వైరసు సోకినచో నూటికి తొంబదియైదుగురికి పైగా దానిని జయింతురు. కాన్పు సమయమున తల్లినుండి సోకిన పసికందులలో నూటికి ఇంచుమించు తొంబదిమందిలో అది జీవితాంతము నిలిచిపోవును. తల్లినుండి వచ్చిన వైరసు కాలేయమున స్థిరపడకమున్నే శరీరము దాని తొడుగును గుర్తింపవలెను.

ఆసుపత్రి కాన్పులలో ఈ టీకా అక్కడనే వేయుదురు. ఇంటి కాన్పులలో గడువు తప్పిపోవుట సులభము. 2022లో విశాఖపట్నము జిల్లానుండి అనకాపల్లి జిల్లాలో చేరిన రోలుగుంట మండలమునే చూడుడు. ఆర్ల పంచాయతీ కొండగూడెములనుండి గర్భిణులను డోలీలలో మోసి తెచ్చిన వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. అట్టిచోట్ల నొప్పులు మొదలైన పిదప కదలుట ఆలస్యమే యగును. నెలలు నిండువారి జాబితాను ఆశా కార్యకర్తవద్ద ముందే తీసికొని, కాన్పునకు కొన్ని దినములు ముందుగానే వారిని నర్సీపట్నము ఆసుపత్రికి దగ్గరగా చేర్చు ఏర్పాటును సభ్యులు చూడవలెను. గర్భిణికి చేయు రక్తపరీక్షలో వెదకునది కూడ ఆ తొడుగు మాంసకృత్తునే.

ఈ టీకా మందు గడ్డకట్టినచో పాడగును. మంచుగడ్డకు ఆనించి తెచ్చిన సీసాను వాడరాదు. వైరసు సోకినవారితో కలిసి భుజించుటవలన గాని, వారిని తాకుటవలన గాని భయము లేదు. ఒకరికి వాడిన ఇంజెక్షను సూదిని, గడ్డము గీయు బ్లేడును మరియొకరికి వాడుట మాత్రము ఊరిలో ఎక్కడ జరిగినను ఆపించవలెను.