పొట్టలో నీరు - ఒక మాంసకృత్తు కథ

రెండేళ్ళ క్రితం మా పెద్దమ్మకు పొట్ట ఉబ్బడం మొదలైంది. "గ్యాసేలే, వాము నీళ్ళు తాగితే అదే పోతుంది" అనేది. చీర కుచ్చిళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే ఒళ్ళు చేసిందనుకున్నాం. నాలుగు నెలల తర్వాత డాక్టరమ్మ స్కానింగు తీయించి, పొట్టలోని నీటిని పరీక్షకు పంపింది. ఆ నీటిలో కాన్సర్ కణాలున్నాయి. జబ్బు అండాశయంలోది.

జంతుశాస్త్రం చదువుతున్న నాకు ఒక సందేహం పట్టుకుంది. గడ్డ అండాశయంలో ఉంటే పొట్టంతా నీరెందుకు పట్టింది? దానికి జవాబు వెతుక్కుంటూ చదివిన సంగతులే ఈ వ్యాసం.

ఏ గడ్డయినా ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి పెరగాలంటే దానికి రక్తనాళాలు కావాలి. గడ్డ ఏదో పదార్థాన్ని స్రవించి వాటిని తనవైపు రప్పించుకొంటుందని 1971లో అమెరికా శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. 1983లో సెంగర్, ద్వోరాక్ ప్రభృతులు గినీ పందుల పొట్టలో చేరిన కాన్సర్ నీటిలో ఒక మాంసకృత్తును గుర్తించారు. అది రక్తనాళాల గోడలను కారేటట్టు చేస్తుంది. 1989లో ఫెరారా బృందం రక్తనాళాలను పెంచే మాంసకృత్తును వేరుచేసి వి.ఇ.జి.ఎఫ్. అని పేరు పెట్టింది. తీరా చూస్తే రెండూ ఒకటే!

అండాశయపు కాన్సర్ కణాలు దీన్ని విస్తారంగా స్రవిస్తాయి. దీనివల్ల కొత్త కేశనాళికలు మొలిచి గడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందుతాయి. నాళాల గోడల్లో కణాల మధ్య సందులు వదులై ద్రవం ఉదరంలోకి ఊరుతుంది. మామూలుగా ఆ నీటిని పీల్చేసే శోషరస నాళాలకు కాన్సర్ కణాలు అడ్డుపడతాయి. అదే జలోదరం.

ఈ కాన్సర్ ఎక్కువగా రక్తం వెంట పోదు. రాలిన కణాలు ఆ నీటిలోనే తేలుతూ పోయి పేగుల మీది కొవ్వు పొరకు, ఉదరపు పొరకు అంటుకొంటాయి. అక్కడా మళ్ళీ అదే మాంసకృత్తును స్రవిస్తాయి. కాలువ తానే తవ్వుకొని, విత్తనం తానే చల్లుకొనే దొంగసేద్యం ఇది!

దీన్ని పట్టి ఆపే ప్రతిరక్షకమే బెవాసిజుమాబ్. తిరగబెట్టి, మామూలు మందులకు లొంగని అండాశయపు కాన్సర్‌కు దీన్ని కీమోథెరపీతో కలిపి వాడేందుకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది నీటిని తగ్గిస్తుంది, జబ్బు ముదరడాన్ని కొన్ని నెలలు వాయిదా వేస్తుంది. అంతేగాని పూర్తిగా నయం చేయదు. అందుకే తొందరగా గుర్తుపట్టడం ముఖ్యం.

మిత్రులారా! మీ అమ్మగారికో పిన్నిగారికో కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండడం, మాటిమాటికీ మూత్రానికి పోవడం కొత్తగా మొదలై రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, వాముతో సరిపెట్టకండి. చాలామందిలో అది కాన్సర్ కాకపోవచ్చు. అయినా ఒకసారి డాక్టరుకు చూపించండి. మా పెద్దమ్మ ఇప్పుడు లేదు. నా సందేహానికి జవాబు దొరికింది గాని, ఆవిడకు పనికొచ్చే వేళకు దొరకలేదు.