మందు ఒక్కటే, మోతాదులు వేరు: బత్తాయి, వరి, ప్రత్తి రైతులకు సూచనలు

రైతులు సామాన్యముగా ఒక మందు మంచిదనియో, చెడ్డదనియో యెంచుదురు. నిజమునకు మేలును కీడును పెక్కుసార్లు మోతాదును బట్టియే కలుగుచుండును. జర్మనీ దేశపు వైద్యాచార్యుడు హ్యూగో షుల్జ్ 1888వ సంవత్సరమున ఈ విషయమును ఈస్టుపై జరిపిన పరీక్షలచే చూపెను. హెచ్చుగా వేసినచో ఈస్టును చంపునట్టి విషములే, మిక్కిలి స్వల్పముగా వేసినప్పుడు దాని పులియబెట్టు శక్తిని పెంచెను.

సేద్యమునందు ఇందుకు తగిన దృష్టాంతము 2,4-డి యను మందు. మొక్కల పెరుగుదలను నడుపు ఆక్సిన్ అను పదార్థము వానియందు సహజముగనే కలదు. 2,4-డి దానివలెనే పనిచేయును.

బత్తాయి పిందెలు రాలుచున్నప్పుడు 100 లీటర్ల నీటిలో 1 గ్రాము అసలు మందును కరగించి చల్లినచో, తొడిమ పట్టు సడలక కాయ చెట్టున నిలుచును. మోతాదు మించినచో ఆ చెట్టు లేతాకులే ముడుచుకొనిపోవును.

వరిలో వెడల్పాకు కలుపును చంపుటకు ఎకరమునకు 400 గ్రాముల అసలు మందును 200 లీటర్ల నీటిలో కలిపి చల్లుదురు. ఈ నీరు బత్తాయికి చల్లు నీటికంటె 200 రెట్లు ఘాటైనది. కలుపుమొక్క అదుపు తప్పి పెరుగబోయి, కాడ మెలిదిరిగి, నాళములు చెడి చచ్చును. నిలద్రొక్కుకొనిన వరి దీనిని సహించును. లేత పైరునకును, చిరుపొట్ట దశలోని పైరునకును హాని కలుగును.

ప్రత్తి ఈ మందును బొత్తిగా సహింపదు. ప్రక్క పొలమునుండి గాలికి వచ్చిన తుంపురలు సైతము చాలును. ఆకులు సన్నగిల్లి బెండాకును పోలును, పూత చెడును. ఒకరి వరిలోని కలుపు చచ్చుటకై మరియొకరి సంవత్సరపు ఫలము నశింపరాదు. కావున:

1. మందును మూతలతోను చేతి అంచనాతోను కొలువక, సన్నని త్రాసున తూచవలెను.

2. డబ్బాపై వ్రాసిన పాళ్ళను చూడవలెను. నూటికి 80 పాళ్ళు గల పొడి 1¼ గ్రాములైనచో, అందు అసలు మందు 1 గ్రాము.

3. గాలి వీచునప్పుడును, దాపున ప్రత్తి యున్నప్పుడును చల్లరాదు.

4. ఈ మందునకు వేరు పిచికారీ యంత్రము నుంచుకొనవలెను. కడిగినను దానిని ప్రత్తికి వాడరాదు.

మోతాదు రెట్టించిన ఫలము రెట్టించునను తలంపు ఈ మందు విషయమున మిక్కిలి ప్రమాదకరము.