సొరోరిటీ: అక్కచెల్లెళ్ళ సంఘం పుట్టిన కథ

పై చదువులకు అమెరికా వెళ్ళే మన ఆడపిల్లలకు అక్కడ ఒక కొత్త మాట వినబడుతుంది: సొరోరిటీ. లాటిన్‌లో ‘సొరోర్’ అంటే సోదరి. విద్యార్థినులు తమకు తాముగా పెట్టుకునే సంఘమన్నమాట. ఒక్కో విశ్వవిద్యాలయంలో దానికుండే శాఖే ‘చాప్టర్’.

దీని పుట్టుక చూద్దాం. ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌కాజిల్‌లో అస్బరీ విశ్వవిద్యాలయం (నేటి డిపా) 1867లో ఆడపిల్లలను చేర్చుకుంది. చదువైతే దొరికింది గాని, తోడు దొరకలేదు. సంఘాలన్నీ మగపిల్లలవే. అందులో ఒక సంఘం బ్యాడ్జీ పెట్టుకోమని బెట్టీ లాక్ అనే విద్యార్థినిని అడిగారట. సభ్యత్వం మాత్రం ఇవ్వరట! ఆమె కాదంది. అక్కడే ఆచార్యుడైన తండ్రి, సొంత సంఘమే పెట్టుకోమన్నాడు. 1870 జనవరి 27న మరో ముగ్గురితో కలిసి ‘కప్పా ఆల్ఫా థీటా’ మొదటి శాఖను స్థాపించింది. నలుగురంటే నలుగురే! అప్పటికి ఇలాంటి సంఘాన్ని సొరోరిటీ అనేవారు కాదు. 1874లో సిరాక్యూస్‌లో వెలసిన ‘గామా ఫై బీటా’ కోసం ఒక లాటిన్ పంతులుగారు ఆ మాట సూచించారు.

అయితే ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. వెలి భరించలేక పుట్టిన సంఘాలే మరొకరిని వెలివేశాయి. నల్లజాతి విద్యార్థినులు 1908లో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో ‘ఆల్ఫా కప్పా ఆల్ఫా’ పెట్టుకోవలసి వచ్చింది. 1998లో ఆస్టిన్‌లో దక్షిణాసియా అమ్మాయిలు ‘కప్పా ఫై గామా’ ప్రారంభించారు. కొత్తవాళ్ళను ఏడిపించే జాడ్యమూ అక్కడుంది. దాన్ని హేజింగ్ అంటారు, మన ర్యాగింగ్‌కు తోబుట్టువే. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చట్టం చేయవలసి వచ్చిందంటే, మనమేమీ తక్కువ తినలేదు.

మన సంగతికొస్తే, హైదరాబాదులో ఉస్మానియా మహిళా కళాశాల 1924లో ఏడుగురు విద్యార్థినులతో మొదలైంది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. శామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్ వచ్చాయి. మేడ్చల్ దారి పొడవునా కాలేజీలే. ఆడపిల్లలు వందలు, వేలు. కాని పల్లె నుంచి పెట్టె పట్టుకుని హాస్టల్లో దిగిన పిల్లకు, ఇంగ్లీషు పాఠం తలకెక్కక మొదటి నెలలోనే ఇంటికి పోతానని ఏడ్చే పిల్లకు, తోడు ఎవరు?

గ్రీకు అక్షరాలు మనకక్కర్లేదు. ఎంపికలూ, రహస్య ప్రమాణాలూ అసలే వద్దు. నా ఉద్దేశంలో ఒక్కో సీనియరు ఒక్కో కొత్త పిల్లకు అక్క అయితే చాలు. నోట్సు ఇవ్వడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, ఫీజు కట్టలేకపోతే నలుగురిని కూడగట్టడం, ఇవే మన సంఘం నియమావళి. బెట్టీ లాక్‌కు నలుగురే చాలారు. మనం ఇంతమందిమి ఉన్నాం కదా!